పక్కూరి పేరు

పుట్టిందీ పెరిగిందీ తెనాలిలో. ఉద్యోగానికని సికింద్రాబాద్ చేరాక మాత్రం ఎవరు ఊరడిగినా ‘మాది గుంటూరు’ అనేవాణ్ణి. తెనాలంటే చిన్న ఊరివాడనుకుంటారని భయం. అక్కడికి గుంటూరేదో లండనైనట్టు!

చెప్పుకోడానికేమీ లేని ఊరా అంటే, కాదు. నాగిరెడ్డితో కలిసి 1947లో ‘చందమామ’ పెట్టిన చక్రపాణిది తెనాలి. ఆ పత్రికను ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా రోజుల్లో, పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. రణరంగ చౌక్ వాళ్ల గుర్తుగా వెలిసిందే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా కొత్తవాళ్ల ముందు నోరు తెరిస్తే గుంటూరే వచ్చేది.

యాప్రాల్‌లో ఇల్లు తీసుకున్నాక జబ్బు ముదిరింది. పక్కనే సైనిక్‌పురి ఉంది కదా, మాజీ సైనికుల కాలనీగా మొదలై పేరు తెచ్చుకున్నది. నేనూ సైనిక్‌పురి వాణ్ణయిపోయాను. (యాప్రాల్‌కీ ఈ జబ్బు కాస్త ఉన్నట్టుంది. 2016లో జిల్లాలు విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరిలోకి వచ్చినా, చిరునామాలో సికింద్రాబాద్‌ని వదల్లేదు.)

పైగా రెండు నాల్కలు. యాప్రాల్‌ది రాతినేల, సముద్రమట్టానికి 500 మీటర్ల పైమాటే. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు కోసం ఎదురుచూపులు. అలా బిందెలు పెట్టుకు నిలబడ్డప్పుడల్లా మా వైపు గురించి ఉపన్యాసం దంచేవాణ్ణి: ఊళ్లోంచి పారే మూడు కాలవలు, కృష్ణ నీళ్లు, కనుచూపు మేర చదునుగా మాగాణి, వరి కోతకు ముందే చేలో చల్లే మినుములు. వేసవిలో కాలవలు కట్టేస్తే అడుగున మిగిలే మురుగు, దాని కంపు, ఆ దోమలు... వాటి ఊసెత్తేవాణ్ణే కాదు. తెనాలి వెళ్తే రికార్డు తిరగేసేవాణ్ణి. ‘ఈ ఉక్కలో ఎలా ఉంటున్నార్రా బాబూ! మాకక్కడ రాత్రయితే చల్లగాలి’. మా అమ్మ ఏమీ అనకుండా విసనకర్ర చేతికిచ్చేది.

మా కింది వాటాలో పంజాబీ సుబేదారుగారుండేవారు, రిటైరయ్యారు. ఊరడిగితే ముందు తన పల్లె పేరు చెప్పేవారు. మనకు తెలియదని ఆయనకూ తెలుసు. తెలియకపోతే నేర్చుకో అన్నట్టుండేది ఆ చెప్పడం. పాపం, అమాయకుడు అనుకునేవాణ్ణి.

ఒక వేసవిలో బాబాయి బోసు రోడ్డులో బెల్లం జిలేబీ కట్టించుకుని రైలెక్కాడు. ఫోన్లో అలవాటు కొద్దీ ‘సైనిక్‌పురి’ అని చెప్పాను. ఆయన అక్కడ ఆటో దిగి, నాకు ఫోన్ చెయ్యడం నామోషీ అనుకుని, ‘తెనాలి అబ్బాయి ఇల్లెక్కడండీ’ అని గేటు గేటుకీ అడుగుతూ మిట్టమధ్యాహ్నం తిరిగాడు. నేను తెనాలి అబ్బాయినని ఆ చుట్టుపక్కల ఎవరికి తెలుసు గనక! చివరికి నేనే ఫోన్ చేసి, స్కూటరు మీద వెళ్లి తెచ్చుకున్నాను. జిలేబీ ముద్దయిపోయింది.

గుమ్మంలో సుబేదారుగారు మంచినీళ్లిచ్చి ఎక్కణ్ణుంచని అడిగారు.

‘తెనాలి’ అన్నాడు బాబాయి.

‘మీవాడిది గుంటూరు కదా?’

బాబాయి నీళ్లు పూర్తిగా తాగి, గ్లాసు తిరిగిచ్చి, నావైపు తిరిగాడు. ‘ఎప్పుడు మారావురా?’

ఈమధ్య తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాను. పక్క కుర్చీ పెద్దాయన ఎక్కడుంటున్నావని అడిగాడు. ఉన్నదున్నట్టు చెబుదామని ‘యాప్రాల్’ అన్నాను.

‘ఏప్రిలా?’

‘కాదండీ, యాప్రాల్. సైనిక్‌పురి పక్కన’.

‘సైనిక్‌పురా? అదెక్కడ?’

ఇన్నేళ్లూ నేను తొడుక్కు తిరిగిన కోటు ఆయన కళ్లకు ఆనలేదు. నేనింకా దారి వివరిస్తుండగానే వెనక వరసలోంచి బాబాయి విసుక్కున్నాడు: ‘హైదరాబాదులేవయ్యా!’

‘అలా చెప్పు మరి’ అని పెద్దాయన వక్కపొడి కోసం చెయ్యి చాపాడు.