దాచెపల్లి పుస్తకాల పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇంటరు గట్టెక్కిన పిల్లలున్న ప్రతి ఇంటా ఒక ప్రశ్న పుడుతుంది: డిగ్రీ ఫస్టియర్‌కి ఏ పుస్తకాలు కొనాలి? ఈ విషయమై పల్నాడు జిల్లా దాచేపల్లిలో ఒక ఆటవెలది వెలసింది. కర్త పేరు దొరకలేదు. పద్యంలో మిరపకాయ ప్రసక్తి ఎక్కడా లేకపోయినా, ఆయన మిర్చి రైతేనని పూర్వ వ్యాఖ్యాతలు ఏకగ్రీవంగా తేల్చారు. ఊరు దాచేపల్లి, జేబు ఖాళీ, ఇంకేం ప్రమాణం కావాలని వారి వాదం.

మూలంలో లేనిది రాయకూడదని కొలిచెలమ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసేవాడికి అది చెల్లింది. ఏడాదికోసారి మారే సిలబసుకు వ్యాఖ్య రాసేవాడికి చెల్లదు. కనుక లేనివీ రాస్తున్నాం.

మూలం

సారు చెప్పు నొకటి, షాపతడింకోటి,
సీనియర్లు చెప్పు చిట్టి గైడు,
కొన్న పిదప మారు కొత్త సిలబసంట,
తండ్రి తిరిగి చేరె దాచెపల్లి.

ప్రతిపదార్థం

సారు = మొదటి రోజు బోర్డు మీద రెండు పుస్తకాల పేర్లు రాసి, రెండో రోజు నుంచి నోట్సు చెప్పించే లెక్చరరు; ఒకటి = ఒక పుస్తకమును (తాను చదువుకొన్న నాటిదానిని); చెప్పున్ = చెప్పును; షాపతడు = పుస్తకాల అంగడివాడు; ఇంకోటి = మరొకదానిని (స్టాకులో ఉన్నదానిని; చెప్పునని అధ్యాహారం); సీనియర్లు = ఏడాది ముందు ఇదే అవస్థపడి బయటపడినవారు; చెప్పు = సెలవిచ్చునది; చిట్టి గైడు = పరీక్ష ముందు ఒక్క రాత్రికి సరిపడునట్టిది; కొన్న పిదప = డబ్బు చెల్లించి బిల్లు పుచ్చుకొన్న తరువాతనే; కొత్త సిలబసు = నూతన పాఠ్య ప్రణాళిక; మారున్ అంట = మారునని వినికిడి (అన్నవారెవరో తెలియరారు); తండ్రి = ఖర్చు భరించువాడు; తిరిగి = మరల, లేదా కాళ్ళరుగునట్లు తిరుగాడి; దాచెపల్లి చేరెన్ = సొంత ఊరు చేరుకొనెను.

తాత్పర్యం

లెక్చరరు చెప్పిన పుస్తకం షాపులో లేదు. షాపులో ఉన్న పుస్తకం లెక్చరరు చెప్పలేదు. రెండూ దండగ, గైడు చాలని సీనియర్లు అన్నారు. తీరా ఏదో ఒకటి కొన్నాక సిలబసు మారిందని కబురు వచ్చింది. తండ్రి బస్సెక్కి ఇల్లు చేరాడని భావం.

విశేషాలు

ఛందస్సు: ఆటవెలది. నాలుగో పాదంలో ఊరి పేరులోని దీర్ఘం గణం కోసం హ్రస్వమైంది. నగర పంచాయతీ వారు దీన్ని హద్దుల మార్పుగా భావించనక్కర్లేదు.

అలంకారం: "తిరిగి" అన్నచోట శ్లేష. తిరుగుడుకు భౌగోళిక కారణం కూడా ఉంది. దాచేపల్లి హైదరాబాదు, గుంటూరు దారి మీది ఊరు, పక్కనే నడికుడి జంక్షను. ఒక దిక్కు వెళ్తే కోఠీ పాత పుస్తకాలు, ఇంకో దిక్కు వెళ్తే గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట షాపులు, ఇంకాస్త ముందుకు సాగితే బెజవాడ లెనిన్ సెంటరు. దారులు ఎక్కువైనచోట చార్జీలూ ఎక్కువే.

కొత్త సిలబసు: ఇది కవి అతిశయోక్తి అని కొందరన్నారు. కాదు, స్వభావోక్తే. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువుకు 2015-16లో సీబీసీఎస్ (ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) వచ్చింది, 2020-21లో దాన్ని సవరించారు, 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల పిల్లలకు మొదటి సెమిస్టర్లోనే గణితం, భౌతికం, రసాయనం కలగలిపిన పేపర్లు వచ్చాయి. ఒక్క సబ్జెక్టును మేజర్‌గా ఎంచుకున్న పిల్ల ముందు మూడింటితో పరిచయం చేసుకోవలసి వచ్చిందన్నమాట. ఇక్కడ "అంట" అన్న మాటే అసలు చిక్కు. వినికిడి మీద పుస్తకం కొనకూడదు. యూనివర్సిటీ సిలబసు కాగితంలో ప్రతి పేపరు చివరా చదవదగిన పుస్తకాల పేర్లుంటాయి. ముందు ఆ కాగితం సంపాదించాలి.

శంక: పాత పుస్తకం సగం ధరకు దొరుకుతుంది కదా, కొనవచ్చునా?

సమాధానం: సబ్జెక్టును బట్టి ధర్మం మారుతుంది.

గణితంలో నిశ్చింతగా కొనవచ్చు. అవకలన సమీకరణాలకు ప్రభుత్వం మారినా, సెమిస్టరు మారినా సాధన ఒకటే. చూడవలసినవి రెండే: చేసి చూపిన లెక్కలు ఎన్ని ఉన్నాయి, వెనక జవాబులున్న కాగితాలు చిరగలేదు కదా.

భౌతికంలో కొనవచ్చు, పెన్సిలు దగ్గరుంచుకుని. ఫ్రాన్సులో దాచిన లోహపు దిమ్మెతో కిలోగ్రామును నిర్వచించే పద్ధతి 2019 మే 20తో పోయింది, ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకమే ఆధారం. మొదటి అధ్యాయంలో ఆ ఒక్క పేరా దిద్దుకుంటే, 1960లో తొలిసారి వచ్చిన హాలిడే, రెస్నిక్‌ల పుస్తకమైనా, 1992 నాటి హెచ్.సి. వర్మ పుస్తకమైనా ఈనాటికీ పాఠం చెబుతాయి.

బీకాంలో ఒకే అరలో రెండు ధర్మాలున్నాయి. జంటపద్దు సూత్రాన్ని లూకా పాచియోలి 1494లో వెనిస్‌లో అచ్చువేయించాడు. అకౌంటింగు పుస్తకం ఎంత పాతదైనా డెబిట్టు డెబిట్టే. పక్కనున్న పన్నుల పుస్తకం అలా కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఎక్సైజు, వ్యాట్ పాఠాలను చాలావరకు చరిత్రలో కలిపింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని ఇన్నాళ్ళూ వల్లెవేసిన జంట పోయి ట్యాక్స్ ఇయర్ మిగిలింది. ఈ పుస్తకం పాతది ఉచితంగా ఇచ్చినా నష్టమే.

అర్థశాస్త్రంలో గిరాకీ, సరఫరా గీతలు నిలుస్తాయి. శామ్యూల్‌సన్ 1948లో రాసింది ఇప్పటికీ ఆ గీతల దగ్గర పనికొస్తుంది. భారత ఆర్థిక వ్యవస్థ పుస్తకంలో మాత్రం ప్రణాళికా సంఘం ఇంకా బతికే ఉంటే కింద పెట్టేయాలి. 2015 జనవరి 1 నుంచి దాని స్థానంలో నీతి ఆయోగ్ నడుస్తోంది.

కంప్యూటర్లలో భాష నిలుస్తుంది, పనిముట్టు నిలవదు. కెర్నిఘన్, రిచీలు సి భాష మీద 1978లో రాసిన చిన్న పుస్తకాన్ని (రెండో కూర్పు 1988ది) ఇప్పటికీ చదువుతున్నారు. టర్బో సి నీలి తెర బొమ్మలతో నిండిన లావు పుస్తకాన్ని షాపులోనే వదిలేయవచ్చు.

చరిత్ర, రాజనీతి పుస్తకాలకు సులువైన పరీక్ష ఒకటుంది. దాచేపల్లి ఏ జిల్లాలో ఉందో చూడండి. గుంటూరు అని ఉంటే అది పల్నాడు జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4కు ముందు అచ్చయింది. శాతవాహనుల పాఠానికి ఇబ్బంది లేదు, స్థానిక పాలన పాఠానికి ఉంది.

శంక: తెలుగులో ఉన్నది కొనాలా, ఇంగ్లీషుదా?

సమాధానం: రెండూ. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మళ్ళింది. పల్లె బడిలో తెలుగులో చదివిన పిల్లకు పరీక్ష రాయడానికి ఇంగ్లీషు పుస్తకం కావాలి, విషయం తలకెక్కడానికి తెలుగు అకాడమీ పుస్తకం కావాలి. పీవీ నరసింహారావు తొలి అధ్యక్షుడిగా 1968లో ఏర్పడిన ఆ సంస్థ ఇంటరు, డిగ్రీ శాస్త్రాలను తెలుగులోకి తెచ్చింది. ఆ పాత పుస్తకాలు ఎక్కడ కనబడినా తెచ్చి ఇంట్లో ఉంచుకోవచ్చు. అర్థమైన సంగతిని ఇంగ్లీషులో రాయడం నేర్చుకోవచ్చు. అర్థం కాని సంగతిని ఏ భాషలో రాసినా బట్టీయే.

శంక: సీనియర్లు గైడు చాలంటున్నారు కదా?

సమాధానం: మూలం చదివినవాడికి గైడు టీక. మూలం చూడనివాడికి గైడే మూలం. అది పరీక్ష గట్టెక్కిస్తుందని సీనియర్లు అన్నమాట నిజమే. అయితే గైడులో జవాబులుంటాయి గానీ, ఆ జవాబు ఎందుకొచ్చిందో ఉండదు. రెండో సెమిస్టరు అడిగేది ఆ ఎందుకునే. గైడు కొనండి, కానీ పుస్తకం కొన్న తర్వాతే కొనండి, పుస్తకానికి బదులు కొనకండి.

వ్యాఖ్యాతలు విడిచిన సంగతి

పద్యంలో సారున్నాడు, షాపతనున్నాడు, సీనియర్లున్నారు, తండ్రి ఉన్నాడు. చదవవలసిన పిల్ల లేదు. అందరూ చెప్పారు, ఒకరు కొన్నారు, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. కూతురో కొడుకో కూడా కవి చెప్పలేదు, ఈ వ్యాఖ్య రాసేవాడే కూతురని అనుకున్నాడు. తండ్రి పనికిరాని పుస్తకంతో ఇల్లు చేరడానికి అసలు హేతువు ఈ లోపమే. మిరప విత్తనం కొనేటప్పుడు పక్క చేను చూసి, తన నేల చూసుకుని, ప్యాకెట్టు మీద తేదీ చదివే మనిషి, పుస్తకాన్ని మాత్రం చదవబోయే పిల్ల చూడకుండానే కొన్నాడు.

పిల్లను షాపుకు తీసుకెళ్ళాలి. పుస్తకంలో ఆమెకు ఇంటర్లోనే కాస్త తెలిసిన విషయం ఉన్న పేజీ తీయించాలి. భౌతికమైతే ఓమ్ నియమం, అర్థశాస్త్రమైతే గిరాకీ సూత్రం. తెలియని పేజీ తీస్తే, అర్థం కానిది పుస్తకం తప్పో తన తప్పో తేలదు. తెలిసిన పేజీ చదివాక ముందుకన్నా బాగా తెలిసిందనిపిస్తే అది పరిచయ గ్రంథం. తెలిసింది కూడా గజిబిజి అయితే, రాసినవాడు ఎంత పండితుడైనా మొదటి ఏడాదికి పనికిరాడు.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి ఎక్కువ మార్కులు వస్తాయని హామీ లేదు. రెండోసారి చార్జీలు పెట్టుకోవలసిన పని తప్పుతుంది. తల్లిదండ్రులకు మనవి ఒక్కటే: సిలబసు కాగితం చేతబట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళండి. సారు చెప్పినా, షాపతను చెప్పినా, చివరికి ఈ వ్యాఖ్యాత చెప్పినా, ఆమె షాపులో నిలబడి రెండు పేజీలు చదవలేని పుస్తకాన్ని కొనకండి.