పాతిక గ్రెయిన్ల పరమార్థం

అమెరికాలో తెల్లతోక జింకను విల్లుతో వేటాడేవారిలో రెండు మతాలున్నాయి: ఒకటి నూరు గ్రెయిన్ల ములికిని కొలిచేది, రెండవది నూటపాతిక గ్రెయిన్ల ములికిని కొలిచేది. గ్రెయిన్ అనేది 7000 కలిస్తే గాని ఒక పౌను తూగని అతిచిన్న తూనిక, అంటే గురువింద గింజ ఎత్తులో ఇంచుమించు సగం. కాబట్టి ఈ రెండు మతాలనూ విడదీస్తున్న సిద్ధాంతభేదం బరువు 1.6 గ్రాములు.

వేగమే మోక్షమనేది నూరువారి వాదం. సెకనుకు 280 అడుగులు పోయే 400 గ్రెయిన్ల బాణానికి ములికి దగ్గర పాతిక చేరిస్తే వేగం ఎనిమిది అడుగుల మేర తగ్గుతుందని, ఆ సందులో జింక తప్పించుకుంటుందని వారు బెంగటిల్లుతారు. ఇరవై గజాల దూరానికి ఆ సందు సెకనులో వెయ్యింట ఆరు వంతులు! అల్లెతాడు చప్పుడు సెకనుకు సుమారు 1100 అడుగుల వేగంతో బాణం కంటే ఎంతో ముందే జింక చెవిన పడుతుంది గనుక, ఉలిక్కిపడదలచిన జింక వేటగాడి మతం అడగదు.

నూటపాతికవారు ఎముక చీల్చడం గురించి మాట్లాడతారు, 1980ల దక్షిణాఫ్రికా పరీక్షలతో పేరుపొందిన ఎడ్ ఆష్బీని ప్రమాణంగా చూపుతారు. ఆయన బరువైన ఎముకకు చెప్పిన 650 గ్రెయిన్లు బాణం మొత్తానివి; వీరి బాణం 425 దగ్గరే ఆయాసపడుతున్నా ఉల్లేఖనకు మాత్రం లోటు రాదు. పైగా ఆయన బరువు కంటే ముందు పీట వేసింది ములికి విరగని గట్టితనానికి, బాణం తిన్నగా పోవడానికి.

ఆ తిన్నదనం బాణపు పుల్ల బిగువును బట్టి ఉంటుంది. 28 అంగుళాల ఎడంగల రెండు ఆధారాలపై పుల్లను ఉంచి, నడుమ 1.94 పౌన్లు వేలాడదీస్తే అది అర అంగుళం వంగితే దాని బిగువు 500 అంటారు. అంకె పెరిగేకొద్దీ పుల్ల మెత్తన. ములికి బరువెక్కితే విడిచిన క్షణాన పుల్ల మరింత వంగుతుంది. మతం మారి పుల్ల మార్చని వేటగాడు చట్రానికి బిగించిన కాగితం గుండా బాణం వదిలి చూస్తే, గుండ్రని రంధ్రమూ దాని చుట్టూ మూడు ఈకల చీలికలూ కనిపించవలసిన చోట పక్కకు సాగిన చిరుగు కనిపిస్తుంది. అయినా అతడు నింద ములికిపై వేసి, కొత్త ప్యాకెట్టు కొంటాడు.

విస్కాన్సిన్ రాష్ట్రపు వేట నిబంధన ములికి వెడల్పు అంగుళంలో 7/8 వంతుకు తగ్గరాదంటుంది, అంచు బాగా పదునుగా ఉండాలంటుంది, గ్రెయిన్ల ఊసెత్తదు.