ఎల్లిగడ్డ లావెక్కాలంటే

పెద్ద రెబ్బలు నాటితే పెద్ద గడ్డలొస్తాయంటారు. అంటే అననివ్వండి. పెద్దవన్నీ ఏరి పచ్చళ్లకు తీసిపెట్టుకుని, మిగిలిన సన్నపాటి రెబ్బలు విత్తనానికి వదలండి. మొన పైకుండేట్టు నాటమని కూలీలకు చెప్పడం దండగ. తలకిందులుగా గుచ్చినా ఆకాశం ఎటుందో మొలకకు తెలియదా?

అసలు సంగతి నీళ్లు. ఎల్లిగడ్డ వేరు పైపైనే పారుతుంది కాబట్టి వారం పది రోజులకో పలచటి తడి చాలని శాస్త్రవేత్తలు చెబుతారు. వాళ్లకు కరెంటు బిల్లు వస్తుంది, అందుకా పొదుపు. తెలంగాణలో సేద్యానికి 2018 జనవరి నుంచి 24 గంటలూ ఉచిత కరెంటు. మోటారుకు ఆటో స్టార్టర్ బిగించి నిశ్చింతగా పడుకోండి. భూగర్భ జలం అడుగంటుతుంది, ఆ స్టార్టర్లు తీసేయండని అప్పట్లో ప్రభుత్వమే బతిమాలింది. మీ బోరుతో ప్రభుత్వానికేం పని? తెల్లారేసరికి మడి చెరువై ఉండాలి. ఆకు పసుపు తిరిగిందా, దాహమన్నమాట. మరో తడి.

సబ్సిడీ డ్రిప్పు ఉంటే దానికీ ఓ ఉపాయముంది. జీవామృతం కలపండి: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, వీటికి తోడు ఆవు మూత్రం, గుప్పెడు గట్టు మట్టి. వారంలోపు వాడేయాలనే మాట పట్టించుకోకండి. నెల మురిగితే ఘాటు, ఘాటుంటే బలం. గుడ్డలో వడగట్టే చాదస్తం మాని నేరుగా పైపులోకి ఎక్కించండి. పేడలోని పీచు డ్రిప్పర్లలో ఇరుక్కుంటుంది. పిన్నీసుతో పొడవండి. రంధ్రాలు వెడల్పై నీళ్లన్నీ మొదటి మొక్కలకే పోతాయి. చివరి మొక్కల రాత అంతే.

సముద్రపు నాచు రసం డబ్బా మీద లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లని రాసుంటుంది. సహజమైన సరుక్కి కొలతేమిటి? మిట్టమధ్యాహ్నం మూతలకు మూతలు కలిపి కొట్టండి. గడ్డ ఊరే వేళకు గుట్టుగా యూరియా కూడా చల్లి, పెరిగిందంతా నాచు మహిమేనని నలుగురికీ చెప్పండి. నత్రజని ఎక్కువై భూమిలోనే రెబ్బలు మళ్లీ మొలకెత్తితే, వచ్చే ఏటి విత్తనం ముందే మొలిచిందని సంతోషించండి.

పీకడానికి రెండు మూడు వారాల ముందే నీళ్లు ఆపాలట! ఆపితే తూకం ఎక్కడిది? పీకే రోజు పొద్దున కూడా పారించండి. ఆకుతో సహా నీడన ఆరబెట్టడం తీరికున్నవాళ్ల పని. తడిగానే సంచుల్లో కుక్కండి. మార్కెట్లో దళారి సంచిలో చెయ్యి పెట్టి, మెడ మెత్తగా తగులుతుందేమోనని ఓ గడ్డ నొక్కి చూస్తాడు. అందుకే కిరాణా కొట్లో మధ్యప్రదేశ్ సరుకు నాలుగు గట్టి గడ్డలు కొని, పైన పెట్టి మూతి కుట్టండి.