బంతి గీత దాటిందా, లేదా?

ఫిఫా అధ్యక్షుల వారికి,
జ్యూరిచ్, స్విట్జర్లాండ్.

విషయం: ప్రపంచ కప్ చూసేవాళ్ళకు నిరాశ మిగలడం గురించి కాణిపాకం నుంచి బహిరంగ మనవి.

ప్రపంచ కప్‌లో నిరాశ రెండు రకాలు. ఒకటి ఆటలోనే ఉంది. ఎన్ని జట్లు దిగినా కప్పు ఒక్కరికే. మిగతా దేశాల అభిమానులు ఏదో ఒక రాత్రి టీవీ కట్టేసి ముసుగుతన్ని పడుకోవలసిందే. దాని మీద ఫిర్యాదు లేదు. రెండోది బంతి కదలకముందే, నిబంధనలు రాసే గదిలో తయారవుతుంది. ఈ మనవి రెండోదాని గురించి.

చిత్తూరుకు దగ్గర్లో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని ఇంకొకరు పట్టుబడితే పంచాయితీ ఇక్కడికి వస్తుంది. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి చెప్పాలి. కోనేటి మెట్ల దగ్గరే నిజం ఒప్పుకున్నవాళ్ళున్నారని చెప్పుకుంటారు. తాగుడు మానతామని ఒట్టు పెట్టేవాళ్ళూ వస్తారు. రాజకీయ నాయకులు మాత్రం ఎక్కువగా ఎదుటివాణ్ణి రమ్మని సవాలు విసరడంతో సరిపెడతారు.

ఈ పద్ధతి ఫుట్‌బాల్‌కు ఎంత అవసరమో 2024 జూన్ 11న దోహాలో తేలింది. 2026 ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ రెండో రౌండు, ఖతార్‌తో భారత్ ఆఖరి మ్యాచ్. గెలిస్తే మూడో రౌండు, అది భారత్ ఎన్నడూ చూడనిది. 37వ నిమిషంలో భారత ఆటగాడు ఛాంగ్తే గోలు కొట్టాడు. 73వ నిమిషంలో ఫ్రీకిక్ నుంచి వచ్చిన బంతిని ఖతార్ ఆటగాడు యూసుఫ్ ఐమన్ తలతో కొడితే గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కిందపడి ఆపాడు. బంతి అతని చేతుల్లోంచి జారి, గోలుపోస్టు పక్కగా గీత దాటి బయటికి పోయింది. విజిల్ మోగుతుందని మనవాళ్ళు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడొకడు బంతిని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ వలలోకి కొట్టాడు. రిఫరీ గోలు ఇచ్చాడు. 85వ నిమిషంలో ఇంకొకటి పడింది. 2-1తో దారి మూసుకుపోయింది. ఆ రౌండులో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయం సరిచూసే ఏర్పాటు) లేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ జరపమని రాసింది, ఫలితం మారలేదు.

భారత్ ఓడిపోవడం అభిమానికి కొత్త కాదు. ఆ సెప్టెంబరులోనే హైదరాబాదు గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగితే, 124వ ర్యాంకు భారత్ 179వ ర్యాంకు మారిషస్‌తో 0-0తో సరిపెట్టుకుంది, సిరియా చేతిలో 0-3తో ఓడింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరది. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. అలాంటి ఊళ్ళో మారిషస్ మీద ఒక్క గోలూ పడకపోతే ఎవరినీ తిట్టుకునే పని లేదు, చేతగాలేదు అంతే. ఆ నిరాశ తెల్లారేసరికి తగ్గుతుంది. దోహాది తగ్గదు. అందరూ టీవీలో చూసినదాన్ని చూడవలసినవాళ్ళు చూడకపోవడమే దానికి కారణం.

ఫిఫా తప్పు దిద్దుకోదని అనడానికి లేదు. ఎవరో ఒకరు నష్టపోయాక దిద్దుకుంటుంది. 1982 ప్రపంచ కప్‌లో, స్పెయిన్‌లోని గిహోన్‌లో పశ్చిమ జర్మనీ 1-0తో గెలిస్తే తనూ, ఓడిన ఆస్ట్రియా కూడా ముందుకు వెళతాయి. ముందురోజే మ్యాచ్‌లు ముగించుకున్న అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషంలో గోలు పడింది, మిగతా 80 నిమిషాలు రెండు జట్లూ కాలక్షేపం చేశాయి. ఆ తర్వాతే గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెట్టడం మొదలైంది. 1990 ప్రపంచ కప్‌లో 52 మ్యాచ్‌లకు 115 గోల్సే వచ్చాయి, అప్పుడు గాని గోలీకి బంతి వెనక్కిచ్చి పట్టించే ఆటను ఆపలేదు. 2010లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటినా లెక్కలోకి రాలేదు, 2014కు గోల్‌లైన్ సాంకేతికత వచ్చింది.

గిహోన్ తర్వాత మూసిన తలుపునే 2026 ప్రపంచ కప్ 48 జట్ల పద్ధతి మళ్ళీ సగం తెరిచింది. 12 గ్రూపుల నుంచి మొదటి రెండు జట్లతోపాటు మూడో స్థానంలోని ఎనిమిది మెరుగైన జట్లూ ముందుకు వెళతాయి. అంటే 72 మ్యాచ్‌లు ఆడించి ఇంటికి పంపేది 16 జట్లనే. గ్రూపులన్నీ ఒకే రోజు ముగియవు కనుక, చివర ఆడే గ్రూపుకు ఎన్ని పాయింట్లు చాలో ముందే తెలుస్తుంది. డ్రా చాలుననుకుంటే డ్రా ఆడతారు. ఓడిన జట్టు అభిమాని పక్క గ్రూపుల గోల్స్ తేడా లెక్కగడుతూ కూర్చుంటాడు. కాణిపాకం బ్రహ్మోత్సవాలూ 21 రోజులు సాగుతాయి. కానీ ఏ రోజు ఏ వాహనమో ముందే తెలిసినా అక్కడ పోటీ లేదు కనుక ఎవరికీ నష్టం లేదు.

టికెట్ల సంగతి టూకీగా. గిరాకీని బట్టి ధర మార్చే పద్ధతి 2026 ప్రపంచ కప్‌కు వచ్చింది. తొమ్మిది మ్యాచ్‌లు దక్కిన అమెరికాలోని ఆర్లింగ్టన్, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్ పక్కనే ఉంది. వాళ్ళకు ఇది కొత్త సినిమా బెనిఫిట్ షో లెక్కలాగే కనిపిస్తుంది, కాకపోతే అక్కడ రేటు పెంచడానికి సర్కారు జీవో అక్కర్లేదు. ఇక ఫైనల్ న్యూజెర్సీలో మధ్యాహ్నం మూడింటికి అంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. భూమి గుండ్రంగా ఉన్నందుకు ఫిఫాను తప్పుపట్టడం లేదు.

కాబట్టి మనవి ఏమనగా: ప్రపంచ కప్‌కు దారితీసే ప్రతి రౌండులోనూ, కనీసం ఆఖరి మ్యాచ్‌లకైనా, గీత దగ్గర ఒక కెమెరా పెట్టించవలెను. ఖర్చు ఎక్కువనుకుంటే రిఫరీలను, ఆటగాళ్ళను కాణిపాకం పంపవచ్చును. కోనేట్లో నీళ్ళున్నవి.

జతపరచినది: దోహా మ్యాచ్ 73వ నిమిషం ఫోటో ఒకటి, గీత కనబడేటట్టు.
నకలు: అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, న్యూఢిల్లీ.