వేలాడే స్తంభం కింద పెన్‌డ్రైవ్

హిందూపురంలో పాత కంప్యూటర్ కొనడమంటే ఇప్పుడు పెళ్ళిచూపులే. ధర మాట తర్వాత, ముందు గుణగణాలు. “నైటంతా స్ట్రెస్ టెస్ట్ పెట్టినామన్నా. 24 గంటలు, నూటికి నూరు లోడు. ఒక్క ఎర్రర్ రాలేదు” అన్నాడు దుకాణం కుర్రాడు. ఒక్క రాత్రిలో 24 గంటలు ఎట్లా పట్టాయని అడగబోయి, డబ్బా మీద ఆకుపచ్చ స్టిక్కర్ చూసి నోరు మూసుకున్నాను. దాని మీద ‘పాస్’ అని ఉంది. మా వంశంలో పదో తరగతి పాసైనవాళ్ళకు కూడా అంత అందమైన సర్టిఫికెట్ ఇవ్వలేదు.

పరీక్ష పద్ధతి మాత్రం తెలివైనదే. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఎక్కించి దాంతోనే యంత్రాన్ని లేపుతారు. లోపలి హార్డ్ డిస్క్‌ను, అందులోని విండోస్‌ను, అది పెంచి పోషిస్తున్న వైరస్‌లను ముట్టరు. ఆ పైన ఎంప్రైమ్ లాంటి ప్రోగ్రాం పెట్టి ప్రాసెసర్ చేత గుడ్లు తేలేసే లెక్కలు చేయిస్తారు. జవాబు ముందే తెలుసు కాబట్టి తేడా వస్తే తప్పు దొరికినట్టే. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట మొదలుపెట్టి రాసిన ప్రోగ్రాం అది. అందులో ఈ పరీక్ష పేరే ‘టార్చర్ టెస్ట్’. విండోస్‌ను పక్కనబెట్టినా యంత్రం చస్తోందంటే, దోషం ఇనుములోనే ఉందని తేలిపోతుంది.

నా గొడవ పెన్‌డ్రైవ్‌తో కాదు, స్టిక్కర్‌తో. కంప్యూటర్‌లో అన్నిటికంటే అరుదుగా చెడేది ప్రాసెసరే. ఇంట్లో దుక్కలా ఉన్న పెద్దకొడుక్కి రక్తపరీక్ష చేసి, మంచం పట్టిన ముసలాయనతో సహా ఇంటిల్లిపాదికీ బాగుందని రాసిచ్చినట్టుంది ఈ వ్యవహారం.

పైగా ఆ పెద్దకొడుకు గడుసువాడు. వేడి నూరు డిగ్రీల దరిదాపులకు పోతే ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు వాటంతట అవే నెమ్మదిస్తాయి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు, దుమ్ము పట్టిన ఫ్యానూ ఉన్నా లెక్క తప్పదు, ఆలస్యమవుతుందంతే. అంటే ఎండకు సగం వేగంతో ఈడ్చే ఎద్దు కూడా పాసే. స్టిక్కర్ మీద వేడి ఎంతో, వేగం ఎంతో రాయరు.

లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం దగ్గర జనాన్ని చూడండి. కింద తువ్వాలు దూర్చి, అటునుంచి లాగి, ఫోటో దిగి మురిసిపోతారు. కప్పును మోస్తున్న మిగతా స్తంభాల కింద తువ్వాలు పెట్టేవాడు లేడు. పెడితే దూరదు కదా, ఫోటో రాదు. కంప్యూటర్‌లో కప్పు మోసేది, అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్. పాపం, దానికి ఏ స్టిక్కరూ లేదు.

నేను కొన్న డబ్బా బస్సులో పెనుకొండ మీదుగా ధర్మవరం పోయింది, మా మేనల్లుడి కోసం. చీరల డిజైన్లు గీస్తాడు. దారిలో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ కనబడింది. ఇంజను ఒక్కటే బల్ల మీద తిప్పి చూసి, బ్రేకుల సంగతి కొన్నోడి ఖర్మ అని అక్కడ కారు బయటికి పంపుతారా?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు ఒకసారి కళ్ళు ఆర్పింది. అంతే. “మామా, లేస్తాలేదు” అని ఫోను. దుకాణం కుర్రాడు మంచివాడు, ఆ పెన్‌డ్రైవే జేబులో వేసుకుని ధర్మవరం దాకా వచ్చాడు. గుచ్చాడు. యంత్రమే లేవకపోతే పెన్‌డ్రైవ్ ఎక్కడ లేస్తుంది? కాసేపు చూసి, “ఎర్రర్ అయితే ఏం చూపిస్తాలేదన్నా” అన్నాడు.

ఎస్ఎంపీఎస్ విప్పితే కెపాసిటర్ బూరెలా ఉబ్బి ఉంది.

ప్రాసెసర్లు అసలు తప్పులే చెయ్యవని కాదు. 2016లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు కొన్ని లెక్కల దగ్గర బిగుసుకుపోతున్నాయని బయటపడింది ఈ ప్రధాన సంఖ్యల వేటలోనే. కానీ 1994లో పెంటియం భాగహారం తప్పు చేస్తోందని పట్టుకున్న థామస్ నైస్లీ ఏ టార్చర్ టెస్టూ పెట్టలేదు, ఆయన గణితం ఆయన చేసుకుంటున్నాడు. ఆ తప్పుకు ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు నష్టం కింద లెక్కలో రాసుకుంది. 2024లో రచ్చకెక్కిన, 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు కూలబడే జబ్బు కూడా చాలామందికి ఆటలు ఆడుకుంటుంటే తెలిసింది. వాడేవాడి రోజువారీ పనికి మించిన పరీక్ష ఏ పెన్‌డ్రైవ్‌లో ఉంది?

ధర్మవరం నేతగాళ్ళకు ఈ పెన్‌డ్రైవ్ సంగతి కొత్తేమీ కాదు. మగ్గం మీది జకార్డుకు వేలాడే డిజైన్ అట్టలు మాత్రం పెన్‌డ్రైవ్ కాదా? అట్టలు మారిస్తే అదే మగ్గం ఇంకో చీర నేస్తుంది. అయితే అట్టలు బాగున్నాయని మగ్గానికి ఎవడూ స్టిక్కర్ అంటించలేదు. పోగు తెగితే తెలుస్తుంది, పక్కనున్నవాళ్ళందరికీ వినబడేలా తెలుస్తుంది.

కొత్త ఎస్ఎంపీఎస్ వేయించాం. ఆకుపచ్చ స్టిక్కర్‌ను మేనల్లుడు గోటితో జాగ్రత్తగా పీకి, వాళ్ళ నాన్న మగ్గానికి అంటించాడు.