తాత సాకు

నన్ను తెరవడానికి ఆ కుర్రాడు పళ్ళు వాడబోయాడు. మామ్మ అరవకపోతే నా గోటి గాడిలో వాడి పన్ను ఒకటి మిగిలిపోయేది.

“ఒరే గుంటడా, అది మీ తాత సాకు! బలమెట్టకు, ఇరిగిపోద్ది. కిరసనాయిలు సుక్క ఎయ్యి.”

కిరసనాయిలు ఇప్పుడెక్కడిది! రేషన్ షాపులో అది ఆగిపోయి ఏళ్ళయింది. పక్కింటి ఆటో అతన్ని అడిగి వాడు సీసా మూతెడు డీజిలు తెచ్చాడు. కీలు మీద రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారాక కొంచెం తెరిచి, కొంచెం మూసి, మళ్ళీ తెరిచాడు. రేకుపెట్టెలో తాత కళ్ళజోడు పక్కన పడి ఉన్న కాలమంతా ఎర్రటి బురదలా కారింది. తుప్పు పట్టిన చాకును ఒక్క ఊపున లాగితే స్ప్రింగైనా పోతుంది, వేలైనా తెగుతుంది.

నా పుట్టిల్లు షెఫీల్డ్, అత్తారిల్లు చీపురుపల్లి. బ్లేడు మొదట్లో చూడండి, నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ. అది 1764 నుంచి జోసెఫ్ రాడ్జర్స్ వారి గుర్తు. దొంగ నక్షత్రాలు పెట్టి అమ్మినవాళ్ళు లోకంలో కొల్లలు. నేను అసలుదాన్నే.

పిడిది వేరే కథ. అది కణుజు కొమ్ము. కణుజులు రాల్చే కొమ్ముల్ని ఈ దేశపు అడవుల్లో ఏరి, ఓడలెక్కించి షెఫీల్డ్ పంపేవారు. నేను సీమ నుంచి వచ్చానంటారు గానీ, నా పిడి మాత్రం తిరిగొచ్చింది.

ఆ ఓడల్లోనే మా పక్క ఊళ్ళ రాయి కూడా వెళ్ళింది. గరివిడి, కోడూరు, గర్భాం చుట్టూ ఉన్న నల్లరాయి, అంటే మాంగనీసు, 1892లో తవ్వడం మొదలెట్టారు. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. ఆ ఏడాది తీసింది 674 టన్నులే. తరవాత కోడూరు రాతిని పరిశీలించిన ఫెర్మర్ దొర దానికి కోడురైట్ అని ఊరి పేరే పెట్టాడు. గంధకం వల్ల ఉక్కు పెళుసెక్కకుండా కాపాడేది మాంగనీసే. నా ఒంట్లో కోడూరు పిసరు ఉందా అని నన్నడగకండి. పుట్టేటప్పుడు ఎవరికి తెలివి ఉంటుంది?

మొదట ఒక గని గుమాస్తా జేబులో ఉండేదాన్ని. పెన్సిళ్ళు చెక్కడం, ఉత్తరాలు చింపడం, అంతే పని. ఆయన పోయాక పాత ఇనుప సామాన్లలో కలిసిపోయి, సంతలో తాత కంటపడ్డాను. అసలు బతుకు అప్పుడు మొదలైంది. రొంటిని దోపుకుని తిరిగేవాడు. పొగాకు కాడ కోయడం, తేగ చీల్చడం, గోగునార తాడు తెంపడం, సువర్ణరేఖ మామిడి కోసి పిల్లలకు పంచడం, అన్నీ నాతోనే. మామ్మ అడ్డపొగ కాల్చేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ చుట్ట కొస కత్తిరించేదీ నేనే.

ఒక్కో పనికి ఒక్కో మురికి. రొంటి చెమటలోని ఉప్పు బ్లేడు మీద చుక్కలు పెడుతుంది. గోగు పీచు స్ప్రింగు కింద దూరి తేమ పట్టి ఉంచుతుంది. పొగాకు జిగురు, మామిడి సొన రెండూ కీలులో చేరి నల్లగా గడ్డకడతాయి. చూపుకి ఒకటే, వాసనలోనే తేడా. కుర్రాడు కొబ్బరి చీపురు పుల్లను కొసన నలిపి, డీజిల్లో ముంచి ఆ సందులన్నీ తోడాడు. పిన్నీసు పెట్టి ఉంటే ఇత్తడి పట్టీలు గీరుకుపోయేవి.

తరవాత వాడికో దురాశ పుట్టింది. ఎమరీ కాగితం చక్రం పెట్టి నన్ను అద్దంలా చేస్తాడట! మామ్మ వీల్లేదంది. నా ఒంటి మీద రెండు రంగులున్నాయి. ఎరుపు తినే రంగు. దాన్ని వదిలితే గుంటలు పడతాయి. నలుపు, బూడిద రంగు మాత్రం ఏళ్ళ తరబడి కోసిన మామిడికాయలు వేసిన పూత. కాయలోని వగరు ఇనుముతో కలిసి ఆ నలుపు వస్తుంది, తుప్పును కొంత ఆపుతుంది కూడా. దాన్ని గీకితే పోయేది తాత. మామ్మ డబ్బాలోంచి ఒక పాత నయాపైసా తీసి ఇచ్చింది. కంచు నా ఉక్కు కన్నా మెత్తన. డీజిలు తడి మీద దాని అంచుతో రుద్దితే ఎరుపు రాలింది, నలుపు నిలిచింది.

నా ముక్కు మీది నీలం మాత్రం పోలేదు, పోదు. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరలో సైకిలు చక్రంతో సానబట్టే ఒకాయన తొందరలో చేసిన పని అది. నిప్పురవ్వలు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉక్కు 300 డిగ్రీల దరికి వెళ్తే ఆ రంగు తిరుగుతుంది. మా బోటి చాకుకి అక్కడ గట్టిదనం తగ్గి పదును నిలవదు. అదే జాతరలో ఒక పోలీసాయన నన్ను తెరిచి జానతో కొలిచాడు. సినిమాల్లో రాంపురి చాకు టక్కుమన్నప్పటి నుంచీ మా జాతి మీద అందరికీ అనుమానమే. ఆయుధాల నియమాల్లో ఉన్న కొలత 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. నేను మూడంగుళాలు. ఆయన నవ్వి, నాతోనే ఒక జాంకాయ కోసుకుని తిన్నాడు.

ఆ నీలం చూశాక తాత నన్ను చక్రానికి ఇవ్వలేదు. పెరటి సానరాయి తడిపి, వెన్ను కొద్దిగా ఎత్తి, ఒకే వాలున తోసేవాడు. ఒక పక్క రుద్దగా రెండో పక్క అంచున సన్నని గరుకు వేలికి తగిలితేనే తిప్పేవాడు. చివర ఆ గరుకు పోయేదాకా తోలు బెల్టు మీద వెనక్కి లాగేవాడు. కుర్రాడు వాలు తప్పి తప్పి, చివరికి పట్టుకున్నాడు.

నూనె దగ్గర మామ్మకీ వాడికీ పేచీ వచ్చింది. ఆవిడ నువ్వుల నూనె అంది. వంట నూనెలు కొన్నాళ్ళకి బంకలా మారి కీలును బిగపడతాయి, కొబ్బరినూనె చలికాలం పేరుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. ఇందులో గెలుపు వాడిదే. కాయ కోసే ముందు బ్లేడు తుడిచేస్తే సరి. కోశాక కడిగినా వెంటనే ఆరబెట్టాలి. నానబెడితే కొమ్ము బీటలిస్తుంది. ఇదంతా చూసి వంటింటి స్టెయిన్‌లెస్ కత్తి నవ్వుతూ ఉంటుంది. దానికీ మా షెఫీల్డే దారి చూపించింది, 1913లో హ్యారీ బ్రియర్లీ చేతుల్లో. అంత చాకిరీ అక్కర్లేని బతుకు దానిది. ఎవరూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోరు.

ఇప్పుడు నా ఉద్యోగం కొరియర్ పెట్టెల టేపు కోయడం. మామ్మ అడ్డపొగ మానాలని ఇంట్లో కట్టడి పెట్టారు. అంగిలి పాడవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట.

“సాకు ఇలా ఇయ్యిరా.”

“ఎందుకు మామ్మా?”

“మావిడికాయ కోసుకుంతాను.”

ఇచ్చాడు. తరవాతి ఆదివారం చీపురు పుల్ల పెట్టి కీలు తోడుతుంటే కొసకి నల్లటి జిగురు అంటుకొచ్చింది. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని మామ్మ వైపు చూశాడు.

“మావిడి సొనరా” అంది మామ్మ.