సుద్దముక్కతో గీసిన గుండ్రం

సినిమా మొదలైన పావుగంటకే విలన్ ఎవరో కనిపెట్టేశాను. నీలం రంగు ఒళ్లు, పెద్ద గుండ్రటి కళ్లద్దాలు, మెడదాకా లాక్కున్న తెల్ల స్వెట్టర్, కాళ్లీడ్చుకుంటూ నడక, ఎప్పుడూ ఏడుపు జీర పలికే గొంతు. పేరు శాడ్‌నెస్. "చూస్తూ ఉండు, చివరికి దీన్ని ఎటో తరిమేస్తారు" అని పక్క సీట్లో ఉన్న మేనకోడలి చెవిలో ఊదాను. "మావయ్యా, నువ్వు ముందు సినిమా చూడు" అంది అది.

పిక్సార్ వాళ్లు 2015లో తీసిన 'ఇన్‌సైడ్ అవుట్' సంగతి ఇది. కథలో చాలా భాగం రైలీ అనే పదకొండేళ్ల అమెరికా పిల్ల బుర్రలో జరుగుతుంది. అందులో ఒక కంట్రోల్ రూము, దాన్ని నడిపే ఐదుగురు. జాయ్ అంటే సంతోషం, శాడ్‌నెస్ అంటే దిగులు, వాళ్లతో పాటు భయం, కోపం, ఏవగింపు. పిల్లకి ఎదురైన ప్రతి అనుభవమూ ఒక గోళమై దొర్లుకుంటూ వస్తుంది, అప్పటికి మీటల దగ్గర ఎవరుంటే వాళ్ల రంగుతో. జాయ్‌ది పసుపు, శాడ్‌నెస్‌ది నీలం. మిన్నెసోటాలో మంచు మీద హాకీ ఆడుకునే పిల్లని నాన్న పని కోసం శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకొస్తారు. ఇక అప్పట్నుంచి శాడ్‌నెస్ చెయ్యి ఊరుకోదు. పసుపు గోళాన్ని ముట్టుకుంటుంది, అది నీలమైపోతుంది. ఎందుకు ముట్టుకున్నావంటే తనకే తెలియదంటుంది.

కొత్త బడికి వెళ్లే రోజు జాయ్ ఒక ఉపాయం పన్నుతుంది. సుద్దముక్కతో నేలమీద చిన్న గుండ్రం గీసి, శాడ్‌నెస్‌ని అందులో నిలబెట్టి, ఇవాళ నీ పనల్లా ఈ గీత దాటకపోవడమే అంటుంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నాది మెచ్చుకోలు నవ్వు. పనిమంతురాలంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

అనుకోక ఏం చేస్తాను? నా జేబులో ఆ సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. పక్కింటి కుర్రాడికి ఇంటర్లో సప్లీ వచ్చి గుమ్మంలో కూర్చుంటే, వాడు నోరు తెరిచేలోపే పది విజయగాథలు చెప్పి పంపేవాణ్ని. అత్తారింటికి వెళ్తూ ఏడుస్తున్న పెళ్లికూతురి ముందు నిలబడి జోకులు వేశాను, ఫొటోలో ముఖం బాగా రావాలని. మా వాళ్లలో నాకు మంచి పేరే ఉండేది. ఎక్కడ ఎవరు పోయినా, "వాణ్ని పంపండి, కాస్త సందడిగా ఉంటుంది" అనేవాళ్లు. ఆ మాటలో వెక్కిరింత కూడా ఉండొచ్చన్న అనుమానం నాకు ఈ మధ్యే వచ్చింది.

చిన్ననాటి స్నేహితుడి తల్లి పోయినప్పుడు కూడా ఇదే వరస. పరామర్శకి వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి వాడు నేలచూపులు చూస్తూ, "ఆఖర్రోజు పెరుగన్నం అడిగిందిరా. డాక్టరు వద్దన్నాడని పెట్టలేదు" అన్నాడు. నేను వెంటనే అందుకున్నాను. "వదిలెయ్‌రా, పిన్ని పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయింది. నువ్వు కాస్త తేరుకున్నాక అరకు వెళ్దాం, నేను రూములు చూస్తా." ఫోను తీసి రూములు చూపించాను కూడా. వాడు తల ఊపాడు. ఆ తల ఊపుడుని నేను ఊరటగా లెక్కేసుకుని లేచి వచ్చాను.

ఇంత చరిత్ర ఉన్నవాడికి సినిమాలో శాడ్‌నెస్ విలన్‌గా కనిపించక ఇంకెలా కనిపిస్తుంది? పైగా నేను తెలుగు ఎం.ఏ. మనసులోని గుణాలు మనుషులై మాట్లాడటం మనకేం కొత్త కాదని విరామంలో మేనకోడలికి పాఠం మొదలుపెట్టాను. పదకొండో శతాబ్దంలోనే కృష్ణమిశ్రుడు సంస్కృతంలో 'ప్రబోధచంద్రోదయం' నాటకం రాశాడని, నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు దాన్ని తెలుగు కావ్యం చేశారని, అందులో వివేకుడు ఒక రాజు, మహామోహుడు ఇంకో రాజు, కామక్రోధాలు సైన్యమని. అది పాప్‌కార్న్ నములుతూ, "అయితే ఎవరు గెలుస్తారు?" అంది. "వివేకుడు, అనుమానమెందుకు!" అన్నాను. నా తిక్కకి మూలం అక్కడ ఉందని ఇప్పుడనిపిస్తుంది. ఆ కావ్యంలో యుద్ధం ఉంది, ఓడేవాడు ఉన్నాడు. నేను ఈ సినిమాలోనూ ఓడేవాళ్ల కోసం వెతికాను.

జాయ్, శాడ్‌నెస్ కంట్రోల్ రూము నుంచి బయటపడిపోయి, తిరిగి వెళ్లే రైలు కోసం తిరుగుతుంటే, విరామం తర్వాత బింగ్ బాంగ్ ఘట్టం వస్తుంది. రైలీ చిన్నప్పుడు ఊహించుకున్న నేస్తం వాడు, ఒళ్లంతా పీచుమిఠాయి, ముఖం ఏనుగుది. వాళ్లిద్దరూ చంద్రమండలానికి వెళ్దామనుకున్న బండిని పనివాళ్లు జ్ఞాపకాల చెత్తగుంతలోకి తోసేస్తారు. వాడు గుంత అంచున కూలబడిపోతాడు. జాయ్ వాడికి చక్కిలిగింతలు పెడుతుంది, వింత ముఖాలు పెడుతుంది, ఆట ఆడదాం రమ్మంటుంది. వాడు కదలడు. శాడ్‌నెస్ వచ్చి పక్కన కూర్చుని, నీకు ఇష్టమైనదాన్ని తీసుకుపోయారు కదూ అంటుంది. అంతే. వాడు ఆమెని పట్టుకుని ఏడుస్తాడు, మిఠాయి కన్నీళ్లు రాలుస్తాడు, లేచి, రైలు స్టేషను ఇటు అంటాడు. అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. చేతి గడియారం చూసుకున్నాను. 'కథ ముందుకు నడవడం లేదు' అన్నాను, పైకే.

చివర్లో రైలీ అమ్మానాన్నల ముందు నిలబడి మిన్నెసోటా మీద బెంగగా ఉందని చెప్పి ఏడుస్తుంది. ఆ ఏడుపు కోసం పాత జ్ఞాపకాల పసుపు గోళాలని శాడ్‌నెస్ చేతికిచ్చింది జాయేనని తెలిసినా నేను ఒప్పుకోలేదు. స్క్రిప్టు పక్కదారి పట్టింది, తీసినవాళ్లకి కథ అందలేదు అని ఇల్లు చేరేదాకా వాదించాను. నా వాదన గెలిపించుకోవడానికి రాత్రి కూర్చుని దర్శకుడి గురించి వెతికాను. పేరు పీట్ డాక్టర్, వైద్యుడు మాత్రం కాదు. తన 'అప్' సినిమాలో చిన్నపిల్ల ఎల్లీకి గొంతిచ్చింది ఆయన కూతురే. అంత గలగలలాడే పిల్ల పదకొండో ఏట ముభావంగా మారిపోతే, దాని బుర్రలో ఏం జరుగుతోందా అనుకోవడంలోంచి ఈ కథ పుట్టింది. మొదట ఆయన జాయ్ పక్కన నడిపించింది శాడ్‌నెస్‌ని కాదు, భయాన్ని. ఏళ్ల తరబడి అలాగే పనిచేసి, కథ అతక్క, ఉద్యోగమే పోతుందేమోనని బెంగపడుతూ ఒకరోజు నడకకి వెళ్లాడట. ఎవరు దూరమైతే తట్టుకోలేనో అని ఆలోచిస్తే, కలిసి నవ్వినవాళ్లే కాదు, కలిసి ఏడ్చినవాళ్లూ గుర్తొచ్చారట. వచ్చి కథ మార్చేశాడు. 2016లో ఆస్కార్ వచ్చింది.

ఇది చదివి నేను సిగ్గుపడాలి. పడలేదు. చూశావా, ఆయనా నాలాగే పొరబడ్డాడు అని మురిసిపోయాను.

కొన్ని నెలలకి అదే సినిమాని ఇంట్లో టీవీలో మళ్లీ చూశాను. ఈసారి పాప్‌కార్న్ లేదు, పాఠం చెప్పడానికి మేనకోడలూ లేదు. బింగ్ బాంగ్ గుంత అంచున కూర్చోగానే నాకు పెరుగన్నం గుర్తొచ్చింది. మర్నాడే స్నేహితుడి ఇంటికి బయల్దేరాను. దారిలో నిర్ణయం తీసుకున్నాను. ఇవాళ్టి నుంచి నేను శాడ్‌నెస్‌ని.

వాడు క్రికెట్ చూస్తున్నాడు. పక్కన కూర్చుని ముఖం వేలాడేశాను. పలకరిస్తే నిట్టూర్చాను. ఒక ఓవరు అయ్యాక వాడు నావైపు తిరిగి, "ఇంట్లో గొడవా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "షుగరు చూపించుకున్నావా?" అన్నాడు. వాళ్లావిడ, "అన్నయ్యగారికి బాగాలేనట్టుంది" అంటూ మజ్జిగ తెచ్చింది. నేను పట్టు వదలకుండా వాడి భుజం మీద చెయ్యేసి, "అమ్మ గుర్తొస్తోందా?" అన్నాను. "ఇప్పుడా? ఇంకా మూడు వికెట్లున్నాయిరా" అన్నాడు. చివరికి వాడే నాకు ధైర్యం చెప్పాడు, ఏదైనా ఉంటే దాచుకోవద్దని, డబ్బు కావాలంటే అడగమని.

అక్కడితో ఆగినా బాగుండేది. వెళ్తూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే, అక్కడున్న పాత చెక్క స్టాండు కాలికి తగిలి కదిలింది. వాడు వంగి సర్దుతూ, "ఇది అమ్మ కొన్నదిరా. ఊగిపోతోంది, అయినా పారెయ్యబుద్ధి కావట్లేదు" అన్నాడు. అప్పటిదాకా నిట్టూర్పులు రిహార్సలు చేసిన నా నోరు, అసలు సమయం వచ్చేసరికి, ఏమందో తెలుసా? "ఆన్‌లైన్‌లో స్టీలువి బాగుంటున్నాయి, లింకు పంపిస్తా" అంది. పంపించాను కూడా, బస్సెక్కగానే. వాడు బొటనవేలి బొమ్మ పెట్టాడు.

ఈ కథంతా రాత్రి మా ఆవిడకి చెప్పాను. సినిమాలో రైలీ అమ్మ బుర్రలోకి కూడా ఒకసారి తొంగి చూపిస్తారు. అక్కడ పెద్ద కుర్చీలో కూర్చుని నడిపించేది శాడ్‌నెస్. నాన్న బుర్రలో ఆ కుర్చీ కోపానిది. మొదటిసారి నేను గమనించనే లేదు. "మరి నా బుర్రలో ఆ కుర్చీలో ఎవరుంటారంటావ్?" అన్నాను, జాయ్ పేరు చెబుతుందేమోనని ఆశ చావక. ఆవిడ మడత పెడుతున్న బట్టల మీంచి తల ఎత్తకుండానే అంది, "కుర్చీ ఖాళీనే అండీ. మీ బుర్రలో అందరూ నిలబడే మాట్లాడతారు."